నల్ల కడప బండల ఇల్లు: పగలగొట్టకుండా, పైన ఏదీ అతికించకుండా వెలుగు తేవడం

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. 1986లో మా మామగారు కట్టించిన ఇల్లు. హాలు, నడిమిల్లు, పడగ్గది, వంటిల్లు అన్నింట్లో నల్ల కడప బండలే, మొత్తం 600 చదరపు అడుగుల దాకా ఉంటుంది. పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. సందుల్లో సిమెంటు లేచిపోయి మట్టి పేరుకుంది. ఎంత తుడిచినా ఆరాక తెల్లటి చారలు కనిపిస్తాయి. గోడలకు కింద మూడడుగుల మేర చాక్లెట్ రంగు ఆయిల్ పెయింట్. నడిమింట్లో గవాక్షి (వెలుతురు కోసం మిద్దెకు వదిలిన కన్నం) ఉండేది, కోతులు దిగుతున్నాయని రేకు మూసేశారు. బండల మీదే టైల్స్ అతికించడానికి మేస్త్రీ 1,30,000 అడిగాడు. మా దగ్గర ఉన్నది 45,000. బండలకు తెల్ల పెయింట్ వేయొచ్చని వీడియోల్లో చూపిస్తున్నారు, అది నిలుస్తుందా? మా అత్తగారికి డెబ్బై దాటాయి. ఆ బండలు మామగారు ఏరి తెచ్చినవని, వాటిని కదిలించడం ఆమెకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: పెయింట్ వేయకండి. టైల్స్ కూడా వద్దు. ఈ విషయంలో మీ అత్తగారి మాటే సరైనది, అది ఆవిడ మనసు నొప్పించకూడదని చెప్తున్న మాట కాదు. మీ దగ్గరున్న 45,000తో ఇల్లంతా కాకపోయినా హాలూ నడిమిల్లూ బాగా మారతాయి. ఆ డబ్బులో సగానికి మించి నేల మీద పెట్టనక్కర్లేదు.

మీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకోండి. గవాక్షి మూసేశారు. గోడలు మూడడుగుల ఎత్తు వరకు చాక్లెట్ రంగులో ఉన్నాయి. బండల మీద చారలు, సందుల్లో మట్టి. ఇవన్నీ చెప్పి, చివరికి నేరం బండల మీద మోపారు. తెల్లగా ఉన్న గోడ తన మీద పడిన వెలుతురులో ఎనభై శాతం దాకా గదిలోకి తిప్పి కొడుతుంది. చాక్లెట్ రంగు దాదాపు అంతా మింగేస్తుంది. నాలుగు వైపులా మూడడుగుల పట్టీ అలా మింగుతూ ఉంటే కింద పాలరాయి పరిచినా ఆ గది మబ్బుగానే ఉంటుంది.

ముందు పెయింట్ సంగతి. 1986లో మన పల్లెల్లో ఇల్లు కట్టినప్పుడు నేల కింద ప్లాస్టిక్ షీటు పరిచే అలవాటు లేదు. మొరం తొక్కించి, ఇసుక పోసి, సున్నమో సిమెంటో వేసి బండ పరిచేవాళ్లు. కాబట్టి భూమిలోని చెమ్మ ఏడాది పొడుగునా సన్నగా పైకి వస్తూనే ఉంటుంది. సందుల గుండా, బండ గుండా ఆవిరై పోతుంది కనక మీకు తెలియదు. పైన పెయింట్ పొర వేస్తే ఆ ఆవిరికి దారి మూసుకుపోతుంది. పొర కింద నీరు చేరి, ఉప్పు పేరుకుని, పెయింట్ పొక్కులు పొక్కులుగా లేస్తుంది. మొదట గడప దగ్గర, తర్వాత పొయ్యి ముందర, అంటే ఎక్కువ నడిచే చోటల్లా. ఎపాక్సీ అనే గట్టి పూత అయినా ఇంతే, ఖర్చు మాత్రం ఎక్కువ. ఆ వీడియోల్లో చూపించే ఇళ్లు చాలావరకు కాంక్రీటు నేల మీద, కింద చెమ్మ అడ్డు పొర ఉన్నవి. పెయింట్ లేచిపోయాక దాన్ని వదిలించాలంటే మళ్లీ మిషనుతో అరగదీయక తప్పదు. ఆ అరగదీతేదో ఇప్పుడే చేయించుకుంటే అందులోనే మీకు కొత్త నేల వస్తుంది.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చేసి చూడండి. రెండడుగుల పాలిథీన్ ముక్క తీసుకుని హాల్లో ఒక మూల నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించండి. రెండు రోజులు అలాగే వదిలేయండి. తీసి చూసినప్పుడు కింద నీటి బొట్లున్నా, ఆ భాగంలో బండ చుట్టుపక్కల కంటే ముదురుగా కనిపించినా చెమ్మ వస్తున్నట్టే. వంటింట్లో ఒకటి, పెరటి గోడ పక్కన ఒకటి కూడా వేయండి. వానలు పడ్డాక చేస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. చెమ్మ ఉందని తేలిన గదిలో ప్లాస్టిక్ మ్యాటు కూడా పరవకండి. దాని కింద కొన్నాళ్లకు ముక్క వాసన పట్టేస్తుంది.

టైల్స్ గురించి మేస్త్రీ చెప్పని సంగతి ఎత్తు. టైలు ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు, కింద అతికించే మసాలా కలిపితే నేల అర అంగుళం పైనే లేస్తుంది. మీ బండలు ఎగుడుదిగుడుగా ఉంటే అంగుళానికి పోతుంది. అప్పుడు ప్రతి తలుపూ కింద కోయాలి. గడప లోపలివైపు పొట్టిదైపోతుంది. బాత్‌రూం దగ్గర మెట్టు తేడా మారుతుంది, పెద్దావిడ కాలు తగిలేది అక్కడే. పైగా కింద డొల్లగా ఉన్న బండ మీద అతికించిన టైలు ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది. 1,30,000 పెట్టి అంత రిస్కు ఎందుకు?

ఇక మీ కింద ఉన్న రాయి ఎలాంటిదో చెప్తాను, అది తెలిస్తే దాన్ని ఎలా చూసుకోవాలో చాలావరకు మీకే అర్థమవుతుంది. కడప బండ, మనం నాపరాయి అనేది, సున్నపురాయి. భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అని పిలిచే పొరల్లోంచి వస్తుంది. పొరలు పొరలుగా విడిపోయే గుణం వల్లే దాన్ని ఉలితోనే బండలుగా తీయగలిగారు. గ్రానైటులా గట్టిది కాదు, కాలి కింద ఇసుక నలిగితే గీతలు పడతాయి. కానీ ఆ మెత్తదనమే ఇప్పుడు మీకు లాభం. మిషనుకి సులువుగా లొంగుతుంది. అప్పటి బండలు అంగుళానికి తగ్గకుండా ఉండేవి కనక పై పొర ఒక పిసరు అరగదీసినా ఇంకో రెండు తరాలకు సరిపడా మందం మిగులుతుంది. మీ ఎండలకు కాళ్ల కింద ఆ చల్లదనం ఎంత సుఖమో మీకు తెలియంది కాదు.

తెల్ల చారల్లో రెండు రకాలుంటాయి. తుడిచిన తర్వాత గుడ్డ తిరిగిన వైపే వంపులు తిరిగి కనిపిస్తే అది మీ బోరు నీళ్లలోని ఉప్పు. నీరు ఆరిపోతుంది, ఉప్పు బండ మీద మిగిలిపోతుంది. తెల్ల టైలు మీద కనబడని ఆ పొర నల్ల బండ మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒకటి గమనించండి, చాలా ఇళ్లలో ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి ఇల్లు తుడుస్తున్నారు. నీళ్లు ఆదా చేయాలన్న ఆలోచన మంచిదే. కానీ ఆ నీళ్లలో ఉప్పు మామూలు బోరు నీళ్ల కంటే ఎక్కువ. వాటిని మరుగుదొడ్లో పోయడానికో బండి కడగడానికో వాడుకోండి, నల్ల బండల మీదకు మాత్రం వద్దు. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకు మించింది లేదు. లేదంటే గుడ్డను బాగా పిండి, తడి తక్కువగా తుడిచి, వెనకే పొడిగుడ్డ వేయండి.

రెండో రకం సందుల వెంట, గోడ అంచుల వెంట పిండిలా పొంగేది. అది భూమిలోంచి చెమ్మతో వచ్చిన ఉప్పు. దాన్ని నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికి ఇంకి మళ్లీ పొంగుతుంది. పొడి బ్రష్షుతో రుద్ది చేటలోకి ఎత్తేయాలి. గోడ బయటివైపు వెళ్లి చూడండి. స్లాబు నీళ్లు అక్కడే పడుతున్నాయా, అంట్లు తోమే చోటు అక్కడే ఉందా? ఆ నీళ్లను నాలుగడుగులు అవతలికి మళ్లిస్తే లోపల పొంగడం తగ్గుతుంది, పెద్ద ఖర్చు లేకుండా.

ఇప్పుడు నేల పని. మొదట ఒక కర్రతో ప్రతి బండనూ తట్టుకుంటూ వెళ్లండి. డొల్లగా మోగిన వాటి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. వాటిని మాత్రం లేపించి, కింద మసాలా వేసి, మళ్లీ అదే బండను కూర్చోబెట్టించండి. మీ అత్తగారికి ముందే చెప్పండి, ఏ బండా ఇల్లు దాటి పోదని. తర్వాత సందులు. పైపైన సిమెంటు పూస్తే మూడు నెలల్లో లేచిపోతుంది. సన్న ఉలితో కనీసం సెంటీమీటరు లోతుకు మట్టి తీయించి, దుమ్ము ఊదించి, అప్పుడు నింపాలి. తెల్ల సిమెంటుతో నింపితే వెలుతురు వస్తుందని ఎవరైనా చెప్తే వినకండి. పండగ నాటికి ఆ గీతలు మాసి, నేలంతా గళ్లగళ్లుగా కనబడుతుంది. బండ కంటే ఒక్క ఛాయ లేతగా ఉన్న బూడిద రంగు గ్రౌట్ (సందులు నింపే మసాలా) తీసుకోండి. సందు కంటికి తగలకపోతే గది పెద్దదిగా కనిపిస్తుంది.

పాలిష్ దగ్గర మీరొక నిర్ణయం తీసుకోవాలి. దీని మీదే మీ ఇంటి రంగు ఆధారపడి ఉంటుంది. కడప బండను ఎంత నున్నగా చేస్తే అంత నల్లబడుతుంది. అద్దంలా మెరిసేదాకా తీస్తే కాటుక నలుపు. మిషనుకు బిగించే అరగదీత రాళ్లలో మధ్య నంబరు దానితో ఆపేస్తే నునుపు వస్తుంది, మెరుపు రాదు, రంగు బూడిద నలుపులో నిలుస్తుంది. మీకు కావలసింది ఇదే. పాలిష్ వాళ్లు సహజంగానే చివరిదాకా తీసి మెరిపించి చూపించాలనుకుంటారు, అది వాళ్ల పనితనం. కాబట్టి ఒక మూల నాలుగు బండల మీద రెండు రకాలుగా చేయించి, పగటి వెలుతురులో చూసుకుని, అప్పుడు మిగతాది మొదలుపెట్టమనండి. దుమ్ము, పాదముద్రలు కూడా మెరుపు తక్కువ ఉన్న బండ మీద తక్కువ కనబడతాయి. ఏళ్ల తరబడి రాసిన కిరసనాయిలు, కొబ్బరినూనె, మైనం ఏమైనా ఉంటే ఆ జిడ్డు పొర కూడా ఈ పాలిష్‌లోనే పోతుంది. మీ బండలు అంత నల్లగా ఉండడానికి అదొక కారణం కావచ్చు. ఇకముందు మెరుపు కోసం నూనె రాయడం మానేయండి.

చివర్లో ఆక్సాలిక్ యాసిడ్ పొడి వేసి రుద్దుతామంటారు. మొజాయిక్ నేలలకు అది అలవాటైన పద్ధతే. మీ నల్ల సున్నపురాయి మీద మాత్రం అక్కర్లేదని చెప్పండి. మిషను పని అయ్యాక నేల పూర్తిగా ఆరనిచ్చి, కనీసం వారం ఆగి, లోపలికి ఇంకే రకం సీలర్ వేయండి. దుకాణంలో అడిగేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోండి: పైన పొర కట్టేది వద్దు, రంగు ముదురు చేసేది వద్దు. ఇలా లోపలికి ఇంకిపోయే సీలర్ ఆవిరిని ఆపదు, నూనె మరకను మాత్రం లోపలికి పోనివ్వదు.

సీలర్ ఉంది కదా అని చింతపండు పులుసు ఒలికినా పర్లేదనుకోకండి. సున్నపురాయికి పులుపు శత్రువు. నిమ్మరసం, చింతపండు, పెరుగు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ ఏది పడినా పైపొరను తినేసి పాలిపోయిన మచ్చ చేస్తుంది. అది మరక కాదు, రాయే కరిగిన గుర్తు. ఎంత రుద్దినా పోదు, మళ్లీ పాలిష్ పెట్టాల్సిందే. అందుకే వంటింటి నేలను ఈసారికి వదిలేయమంటున్నాను. అక్కడ ఉన్న పాత నూనె మరకలకు ముల్తానీ మట్టిని ముద్దగా కలిపి మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి, ఒక రోజు తర్వాత కప్పు తీసి ఆరనిచ్చి ఎత్తేయండి. మట్టి ఆరుతూ నూనెను పైకి లాగుతుంది. రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు.

నేల కంటే ముందు కంటికి తేడా తెలిసేది మాత్రం గవాక్షి. మన సీమ ఇళ్లు కట్టినవాళ్లకు ఈ విషయం బాగా తెలుసు. పక్కిళ్ల గోడలు ఆనుకుని ఉంటాయి, కిటికీలకు చోటుండదు, కాబట్టి మిద్దె నడుమ ఆకాశానికి ఒక కన్ను వదిలారు. నిలువుగా దిగే వెలుతురు పక్క కిటికీలోంచి వచ్చేదాని కంటే చాలా ఎక్కువ, అదీ గది నట్టనడుమ పడుతుంది. ఆ నలుపు నేల మీద వెలుగు చతురస్రంలా పడి కదులుతుంటే ఎంత అందంగా ఉంటుందో మీ అత్తగారిని అడగండి, ఆవిడ చూసే ఉంటారు. కోతుల కోసం దాన్ని మూయాల్సిన పని లేదు. రంధ్రం చుట్టూ ఆరంగుళాల ఎత్తు ఇటుక కట్ట కట్టించి, ఇనుప గ్రిల్లు బిగించి, పైన గట్టిపరచిన అద్దం కాస్త వాలుగా పెట్టించండి. కట్టకూ అద్దానికీ మధ్య రెండంగుళాల సందు వదిలి అక్కడ దోమతెర వేస్తే వేడిగాలి పైకి పోతుంది. అద్దం కట్ట దాటి నాలుగంగుళాలు బయటికి ఉంటే వాన లోపలికి రాదు. అద్దం మసక రకం తీసుకోండి. మే నెల ఎండ సూటిగా దిగకుండా చెదిరిపోతుంది. ప్లాస్టిక్ రేకు చవకే, కానీ మీ ఎండకు పసుపెక్కిపోతుంది.

గోడల విషయంలో ఒక జాగ్రత్త. చాక్లెట్ ఆయిల్ పెయింట్ మీద నేరుగా ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) వేస్తే పట్టదు, గోరుతో గీకితే పొరలా ఊడుతుంది. ముందు గరుకు పేపర్ కొట్టించి నిగారింపు పోగొట్టి, ప్రైమర్ అనే అడుగు పూత వేయించి, అప్పుడు లేత రంగు. లేత అంటే మంచు తెలుపు కాదు. నల్ల నేల పక్కన అది కళ్లకు గుచ్చుతుంది. మీగడ రంగు, లేత గంధం రంగు బాగుంటాయి. పైకప్పుకు మాత్రం తెలుపే. గోడ అడుగున బండ పట్టీ (స్కర్టింగ్) ఉంటే దానికీ గోడ రంగే వేయించండి. దాని మీద నడవరు కాబట్టి నేల పెయింట్‌లా అరిగిపోదు, నలుపు నేలతో ఆగిపోతుంది. చెమ్మ పొంగే గోడ ఉంటే అక్కడ కింది రెండడుగులు సున్నమే కొట్టించండి. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, ఏటా ఒక పూత వేసుకుంటే చాలు.

లైట్ల దగ్గర ఎక్కువ చెప్పేదేమీ లేదు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక్కటి సుమారు 800 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. నల్ల నేల ఉన్న హాలుకు అది చాలదు. ఇరవై వాట్ల బ్యాటెన్ (ట్యూబులైటులా పొడుగ్గా ఉండే ఎల్ఈడీ) రెండు, ఎదురెదురు గోడల మీద, వెలుతురు కప్పు మీద కూడా పడేలా పెట్టండి. డబ్బా మీద 4000 కె అని ఉన్నవి తీసుకోండి, అది వెలుతురు రంగును చెప్పే అంకె. 6500 కె అన్నవి నీలంగా ఉండి నల్ల బండను ఇంకా పాలిపోయినట్టు చూపిస్తాయి.

ఇంత చేసినా హాల్లో ఇంకా తేలిక రంగు కావాలనిపిస్తే ఒక ఉపాయం ఉంది. నాకు బాగా ఇష్టమైనది కూడా. డొల్లగా ఉండి లేపిన బండల్లో విరిగినవి ఎలాగూ కొన్ని ఉంటాయి. వాటి స్థానంలో తాండూరు పసుపు బండలు అదే కొలతకు కోయించి వేయించండి. అదీ సున్నపురాయే, అదే మిషనుకు అదే పాలిష్ తీసుకుంటుంది, నేల ఎత్తు మారదు. గవాక్షి కింద తొమ్మిది బండలు నలుపు, పసుపు చదరంగంలా అమర్చినా చాలు. పాత ఇళ్లలో ఇలాంటి గళ్లు ఎన్నో ఉండేవి. బేతంచెర్ల మీకు మరీ దూరం కాదు, పాలిష్ బండల దుకాణాల్లో విరిగిన అంచుల సరుకు తక్కువకు దొరుకుతుంది. కూర్చునే చోట లేత రంగు నూలు జంపఖానా ఒకటి వేసుకోండి, వరంగల్ దర్రీలైతే ఉతుక్కోవడానికి వీలుగా ఉండి ఏళ్ల తరబడి వస్తాయి.

డబ్బు ఇలా పంచుకోండి. హాలు, నడిమిల్లు రెండిటి బండలు, సందులు, పాలిష్, సీలరుకు 22,000 దాటనివ్వకండి. గోడలకూ కప్పుకూ 12,000, గవాక్షికి 6,000, లైట్లకు 2,000 అనుకుంటే 3,000 చేతిలో ఉంటాయి. రేట్లు ఊరికీ ఊరికీ తేడా ఉంటాయి కాబట్టి ఇద్దరు ముగ్గురిని అడగండి. చదరపు అడుగు రేటులో మూలలు, గోడ అంచులు చేతి మిషనుతో చేయడం కలిసి ఉందా అని తప్పకుండా అడగండి, తగాదాలు వచ్చేది అక్కడే. లెక్క మించిపోతే పాలిష్ ఒక్క నడిమింటికే చేయించి, హాలు వచ్చే సంవత్సరానికి పెట్టుకోండి. గవాక్షి, గోడలు మాత్రం వాయిదా వేయకండి.

పనుల వరుస: గవాక్షి, తర్వాత బండలు, సందులు, పాలిష్, ఆ తర్వాతే గోడలు. పాలిష్ నీళ్లు గోడ మీద అడుగు ఎత్తు దాకా చిమ్ముతాయి, ముందే రంగులు వేయిస్తే మళ్లీ వేయాల్సి వస్తుంది. రంగులు వేసేటప్పుడు నేల మీద పాత దుప్పట్లు కప్పించండి. సీలర్ అన్నిటికంటే చివర. పాలిష్ చేసిన రాతి బురదను బాత్‌రూం తూములోకి వదలనివ్వకండి, పైపులో పేరుకుని గట్టిపడుతుంది. బకెట్లలో ఎత్తించి పెరట్లో గుంట తీసి పోయించండి.

మీ అత్తగారి కోసం ఇంకొక్క మాట మిషను అతనికి చెప్పండి. బాత్‌రూం తలుపు ముందు రెండు వరుసలూ, వీధి గుమ్మం లోపల ఒక వరుసా పాలిష్ చేయకుండా గరుకుగానే వదిలేయమనండి. తడికాళ్లతో అడుగుపడేది అక్కడే.